మైక్ ఓషే: స్పెషల్ టీమ్స్ నుంచి హెడ్ కోచ్ దాకా

అందరికీ నమస్కారం. మైక్ ఓషే పేరెత్తగానే ఎముకలు కొరికే చలిలోనూ నిక్కరుతోనే నిలబడే మనిషని చెబుతారు. అది పక్కన పెడదాం. కెనడా ఫుట్‌బాల్ లీగ్‌లో ఆడే విన్నిపెగ్ బ్లూ బాంబర్స్‌కు హెడ్ కోచ్‌గా, 29 ఏళ్ళుగా అందని గ్రే కప్‌ను (లీగ్ టైటిల్‌ను) తెచ్చిన ఆయన పద్ధతి ఎక్కడ తయారైందో చూద్దాం. నా లెక్కలో అది స్పెషల్ టీమ్స్‌లో, అంటే కిక్కులప్పుడు మాత్రమే దిగే బృందాల్లో తయారైంది.

అమెరికా ఫుట్‌బాల్‌లో పది గజాలు దాటడానికి నాలుగు డౌన్లు, అంటే నాలుగు ప్రయత్నాలు, ఇస్తారు. కెనడాలో మూడే. రెండు విఫలమైతే మూడోసారి చాలావరకు బంతిని తన్నెయ్యాల్సిందే. పైగా ఓషే ఆడిన మైదానం 110 గజాల పొడవు, 65 గజాల వెడల్పు. ఫెయిర్ క్యాచ్ (పరుగు తీయనని చెయ్యెత్తి, ఎవరూ తాకకుండా బంతి పట్టుకోవడం) లేదు కాబట్టి పంట్, అంటే చేతిలోంచి వదిలి తన్నిన బంతి, అందుకున్నవాడు దాదాపు ప్రతిసారీ పరుగు తీస్తాడు. అయితే అతను బంతిని తాకేదాకా, తన్నిన జట్టువాళ్ళు అతనికి అయిదు గజాల దూరంలో ఆగాలి. ముందే దూరితే పెనాల్టీ, మరీ వెనకబడితే వాడు జోరందుకుంటాడు. పంటర్ దూరం కోసం బంతిని బల్లపరుపుగా తంతే కవర్ చేసేవాళ్ళు అక్కడికి చేరేలోపే ఆట అయిపోతుంది. ఇద్దరు ఒకే దారిలో పరుగెత్తినా అంతే, పక్క దారి ఖాళీ.

ఈ పని చేసేది ఎక్కువగా కెనడా ఆటగాళ్ళే. జట్టులో ఇంతమంది స్వదేశీయులు ఉండాలని లీగ్ నియమం. మొదటి వరుసలో చోటు దొరకని వాళ్ళంతా కిక్కుల బృందాల్లో పరుగెత్తుతారు. అందుకే స్పెషల్ టీమ్స్ కోచ్‌కు అటాక్, డిఫెన్స్ రెండు వైపుల మనుషులతోనూ రోజూ పని ఉంటుంది. హెడ్ కోచ్ పదవికి ఇంతకన్నా మంచి శిక్షణ నాకు తెలియదు.

ఓషే నార్త్ బే ఊరివాడు, గ్వెల్ఫ్ విశ్వవిద్యాలయంలో ఆడాడు. 1993లో హామిల్టన్ జట్టు తరఫున లీగ్ ఉత్తమ కొత్త ఆటగాడు. సాధారణంగా అమెరికన్లకు దక్కే మిడిల్ లైన్‌బ్యాకర్ (డిఫెన్స్ మధ్యలో నిలిచేవాడు) స్థానంలో నిలిచి వెయ్యికి పైగా ట్యాకిల్స్ చేశాడు, అంటే బంతి పట్టినవాళ్ళను పడగొట్టాడు. టొరంటో ఆర్గోనాట్స్‌తో 1996, 1997, 2004లో గ్రే కప్ గెలిచాడు. 2010 నుంచి అదే జట్టుకు స్పెషల్ టీమ్స్ కోఆర్డినేటర్, అంటే ఆ బృందాల కోచ్. 2012లో రిటర్నర్ (తన్నిన బంతిని అందుకుని పరుగు తీసేవాడు) చాడ్ ఓవెన్స్ లీగ్ అత్యుత్తమ ఆటగాడయ్యాడు, ఆ ఏడు కప్పూ టొరంటోదే.

2013 డిసెంబరులో విన్నిపెగ్ పిలిచింది. తొలి రెండు సీజన్లలో గెలుపు ఓటములు 7-11, 5-13. మూడోది 1-4తో మొదలైతే క్వార్టర్‌బ్యాక్ (అటాక్ నడిపేవాడు) డ్రూ విల్లీని తప్పించి మాట్ నికల్స్‌ను దింపాడు. 11-7తో ముగించారు.

ఆ ఏడు ప్లేఆఫ్‌లోనే బాగా విమర్శలు తెచ్చిన నిర్ణయం. బ్రిటిష్ కొలంబియా జట్టుపై 31-32తో వెనకబడి, చివర్లో మూడో డౌన్, నాలుగు గజాలు కావాలి. ఓషే కిక్కర్ జస్టిన్ మెడ్లాక్‌ను 61 గజాల ఫీల్డ్ గోల్‌కు, అంటే బంతిని గోల్ స్తంభాల మధ్యకు తన్నడానికి, పంపాడు. లీగ్ రికార్డే 62. మెడ్లాక్ ఆ సీజన్‌లో 60 గోల్స్ కొట్టి రికార్డు పెట్టినవాడే, కానీ బంతి చాల్లేదు. నాలుగు గజాలకే ప్రయత్నించాల్సిందని నా అభిప్రాయం. కిక్కర్ మీద నమ్మకం లెక్కను మింగేసింది.

2019 ఆగస్టులో నికల్స్ గాయపడ్డాడు. కొన్నాళ్ళు మరో క్వార్టర్‌బ్యాక్ స్ట్రెవ్లర్ నడిపించాడు. అక్టోబరులో అదే స్థానానికి టొరంటో నుంచి జాక్ కొలారోస్ వచ్చాడు. పశ్చిమ విభాగంలో మూడో స్థానం కాబట్టి సొంత మైదానంలో ఒక్క ప్లేఆఫ్ కూడా లేదు. కాల్గరీని 35-14, సస్కాచివాన్‌ను 20-13, ఫైనల్లో హామిల్టన్‌ను 33-12 తేడాతో ఓడించారు. 2020లో సీజనే జరగలేదు. 2021లో మళ్ళీ హామిల్టన్ మీదే, ఓవర్‌టైమ్‌లో 33-25.

ఆపై వరసగా మూడు ఫైనల్స్ ఓడారు. 2022లో 15-3తో వచ్చిన జట్టు రెజైనాలో టొరంటో చేతిలో 23-24తో పోయింది. ఆఖర్లో విన్నిపెగ్ తన్నిన 47 గజాల ఫీల్డ్ గోల్‌ను టొరంటో ఆటగాడు చెయ్యి అడ్డుపెట్టి ఆపేశాడు. దూరపు కిక్కుకు బంతి తక్కువ కోణంలో లేవాలి, మధ్య వరుస ఒక్క అడుగు వెనక్కి జరిగినా ఎదుటివాడి చెయ్యి అందుతుంది.