సున్తీ సంగతి కాన్పుకు ముందే నర్సుకి చెప్పండి

(దృశ్యం: అరచేతిలో చిన్న గాజు ఆంప్యూల్. వెనకనుంచి పసిబిడ్డ ఏడుపు.)

ఈ గాజు బుడ్డి చూశారా? నా చిటికెన వేలంత కూడా లేదు. దీని మెడ విరిచి, అందులోంచి ఒక మిల్లీగ్రాము మందు సూదిలోకి లాగి, పుట్టిన బిడ్డ తొడ మీద వేస్తాం. బిడ్డ కెవ్వుమంటుంది. అమ్మ గుండెల మీద పడుకోబెట్టగానే ఊరుకుంటుంది. ఇది విటమిన్ కె. రక్తం గడ్డకట్టడానికి ఇది కావాలి. 'కె' అనే అక్షరం కూడా జర్మన్‌లో గడ్డకట్టడం అని అర్థం వచ్చే 'కోయాగులేషన్' (Koagulation) అనే మాటలోదే. దీన్ని కనిపెట్టిన హెన్రిక్ డామ్ 1943 నోబెల్ బహుమతి పంచుకున్నాడు.

నేను తిరుపతిలో పసిపిల్లల వార్డులో నర్సుని. ఈ వీడియో ఎందుకు చేస్తున్నానంటే, బిడ్డ పుట్టిన మొదటి వారంలో ఇంట్లో ఆచారం ఒక పక్క, ఆసుపత్రి మందు ఒక పక్క నిలబడి ఉంటాయి. రెండూ ఆ బిడ్డ బాగుండాలనే చూస్తాయి. కానీ ఒకదానితో ఒకటి మాట్లాడుకోవు. ఆ మాట్లాడుకోకపోవడం వల్ల ఏమవుతుందో, ముఖ్యంగా సున్తీ విషయంలో, నేను చూశాను.

(దృశ్యం: గోడ మీద తెలుగు క్యాలెండర్. వేలు ఒక తేదీ మీద ఆగుతుంది.)

ముందు మన ఇళ్ల సంగతే చెప్తాను. తిరుపతిలో శ్రవణా నక్షత్రంలో బిడ్డ పుట్టాలని కోరుకోని ఇల్లు తక్కువ. స్వామివారి నక్షత్రం కదా. సిజేరియన్ ఎలాగూ తప్పదని తేలాక, పంతులుగారు రాసిచ్చిన చీటీ పట్టుకుని వస్తారు. ఆ ముహూర్తం 39 వారాలు నిండాక పడితే చాలావరకు పేచీ లేదు. 37వ వారంలో పడితే మాత్రం ఉంది. ఆ వయసులో కోసి తీసిన బిడ్డకి ఊపిరితిత్తుల్లో తడి పూర్తిగా ఆరక, ఎగశ్వాస వచ్చి, నక్షత్రం చూసి కన్న బిడ్డ ఆ రాత్రంతా అమ్మకి దూరంగా ఆక్సిజన్ కింద ఉండాల్సి రావచ్చు.

ఇంకొందరు "ఈరోజు మంగళవారం సిస్టర్, సూది రేపు వేద్దాం" అంటారు. అమావాస్య అంటారు. నేను కోప్పడను. కూర్చుని చెప్తాను. కడుపులో ఉండగా అమ్మ నుంచి బిడ్డకి విటమిన్ కె సరిగా చేరదు. అమ్మపాలు అమృతమే, కానీ ఈ ఒక్క విటమిన్ అందులో బాగా తక్కువ. దాన్ని తయారుచేసే పేగుల్లోని సూక్ష్మజీవులు ఇంకా కుదురుకోలేదు. అందుకని మొదటి వారంలోనే బొడ్డు నుంచో, ముక్కు నుంచో, మలంలోనో రక్తం పడొచ్చు. ఇంకా భయపెట్టేది రెండో వారం నుంచి మూడో నెల వరకు వచ్చేది. అది తరచుగా మెదడులో వస్తుంది, అప్పటిదాకా బిడ్డ చక్కగా పాలు తాగుతూ ఉంటుంది. ఒక్క సూదితో దాదాపుగా ఆగిపోయే జబ్బు ఇది. హెపటైటిస్ బి టీకా కూడా అంతే, 24 గంటల్లోపు పడాలి. వీటికి మంచిరోజు వెతకొద్దు. బారసాలకి వెతకండి, చెవులు కుట్టడానికి వెతకండి, కొండ మీద తలనీలాలకి వెతకండి.

తాయెత్తు కట్టండి, దిష్టి తీయండి, చెవిలో అజాన్ చెప్పండి, తల మీద చెయ్యి పెట్టి ప్రార్థన చెయ్యండి. బిడ్డకి నష్టం లేదు. నాలుకకి తేనె మాత్రం వద్దు, ఏడాది నిండేదాకా. తేనెలో ఉండే ఒక క్రిమి పసిబిడ్డ కండరాల్ని చచ్చుబడేలా చేయగలదు. కామెర్లకి పసరు పోయడం అసలే వద్దు.

(దృశ్యం: వార్డు మంచం. పక్కన స్టీలు క్యారియర్, మడతపెట్టిన పాత చీర ముక్కలు.)

ఇక సున్తీ. మన వైపు కొందరు ఒడుగులు అంటారు. తెలుగు బైబిల్లో సున్నతి అని ఉంటుంది. మగబిడ్డ అంగం చివర ఉండే చర్మాన్ని కోసి తీసేయడం. దీని గురించి నాకు పుస్తకాల్లో చెప్పింది ఒకటి, ఒక నానీ, అంటే అమ్మమ్మ, నేర్పింది ఇంకొకటి.

పలమనేరు వైపు కుటుంబం. అమ్మాయి మొదటి కాన్పు, మగబిడ్డ, మూడు కిలోలు. విటమిన్ కె వేశాం. రెండో రోజు పొద్దున గుడ్డ మారుస్తుంటే, సూది వేసిన చోట తొడ మీద నీలంగా గడ్డ కట్టి కనిపించింది. పెద్ద రేగుపండంత. వేలితో ముట్టుకుంటే గట్టిగా ఉంది. సూది చోట చిన్న మచ్చ ఉండటం మామూలే, ఇది మామూలు కాదు. "మీ ఇంట్లో ఎవరికైనా రక్తం తొందరగా ఆగదా అమ్మా?" అని అడిగాను. ఆ అమ్మాయి లేదంది. వాళ్లమ్మ, అంటే బిడ్డకి నానీ, క్యారియర్ గిన్నెలు విప్పుతూ ఆగింది.

"సిస్టరమ్మా, మా పెద్దకూతురి కొడుక్కి ఒడుగులు చేసినప్పుడు రెండు రోజులు రక్తం ఆగలేదు. దిష్టి తగిలింది అనుకున్నాం. నా తమ్ముడు కూడా చిన్నప్పుడు పన్ను ఊడి రక్తం పోయి పోయి చనిపోయాడు."

ఏడో రోజు అఖీఖా, అంటే బిడ్డకి జుట్టు తీసి, పేరు పెట్టి, మేకని కోసే వేడుక, అదే రోజు సున్తీ అని వాళ్లు అప్పటికే బంధువులకి చెప్పేశారు. మేకలు మాట్లాడేశారు. ఇంకా ఐదు రోజులుంది.

అడగాల్సిన ప్రశ్న కాన్పుకు ముందే అడగలేదు మేము. ఆ తప్పు మాది. ముందే తెలిసి ఉంటే విటమిన్ కె కండరంలోకి కాకుండా వేరే దారిలో ఇచ్చేవాళ్లం. ఆ రేగుపండు గడ్డ బిడ్డకి ఉండేది కాదు.

(దృశ్యం: తెల్ల కాగితం మీద వంశవృక్షం గీస్తున్న చెయ్యి. ఆడవాళ్లకి సున్నా, మగవాళ్లకి చతురస్రం.)

చూడండి, నానీ తమ్ముడు. నానీ పెద్దకూతురి కొడుకు. ఇప్పుడు చిన్నకూతురి కొడుకు. జబ్బు పడింది మగపిల్లలకి, అది వచ్చింది ఆడవాళ్ల వైపు నుంచి. హీమోఫిలియా అంటారు. రక్తం గడ్డకట్టడానికి కావాల్సిన ఫాక్టర్ అనే ప్రోటీను ఒకటి ఒంట్లో తక్కువ. ఇందులో ఎక్కువగా కనిపించే రకం సుమారు 5000 మంది మగపిల్లల్లో ఒకరికి ఉంటుంది. కాబట్టి అడగాల్సింది నాన్న వైపు కాదు, అమ్మ వైపు. మేనమామలు, పెద్దమ్మ పిన్నమ్మల కొడుకులు. మూడింట ఒక వంతు పిల్లల్లో ఇంట్లో ముందు ఎవరికీ లేకుండానే వస్తుంది, అది వేరే సంగతి. అడిగితే తెలిసేవాళ్లని అడగకుండా వదిలేయడమే నాకు బాధ.

ఇప్పుడు నన్ను బాగా కదిలించిన విషయం చెప్తాను. యూదులకి సున్నతి దేవుడితో ఒడంబడిక. ఆదికాండము 17వ అధ్యాయం, ఎనిమిదో రోజు, తప్పకూడదు. అంత గట్టి ఆజ్ఞ. అలాంటి వాళ్ల ధర్మశాస్త్ర గ్రంథం తల్మూద్‌లో ఒక కథ ఉంది. త్సిప్పోరి అనే ఊళ్లో నలుగురు అక్కచెల్లెళ్లు. మొదటామె కొడుక్కి సున్నతి చేస్తే చనిపోయాడు. రెండో ఆమె కొడుకూ అంతే. మూడో ఆమె కొడుకూ అంతే. నాలుగో ఆమె షిమోన్ బెన్ గమ్లియేల్ అనే రబ్బీ, అంటే మతగురువు, దగ్గరికి వెళ్లి నిలబడింది. ఆయన చేయవద్దన్నాడు.

క్రీస్తు శకం 2వ శతాబ్దపు మనిషి ఆయన. జన్యువు తెలియదు, ఫాక్టర్ తెలియదు. అక్కచెల్లెళ్ల పిల్లలకి ఒకటే కీడు వస్తోందని గమనించి, ఆజ్ఞనే పక్కన పెట్టాడు. ఒంట్లో బాగాలేని బిడ్డకి నయమయ్యేదాకా సున్నతి చేయకూడదని తల్మూద్‌కి మూలమైన మిష్నాలోనే రాసి ఉంది.

ఇస్లాంలో అయితే ఇంకా సులువు. ఖురాన్‌లో సున్తీ ప్రస్తావన లేదు. ప్రవక్త మాటలు, పనులు చెప్పే హదీసుల్లో ఉంది, మనిషి సహజ శుభ్రతకి చెందిన ఐదు పనుల్లో ఒకటిగా, గోళ్లు తీసుకోవడం, మీసం కత్తిరించుకోవడం పక్కన. ఇస్లాం ధర్మశాస్త్రంలో షాఫీ సంప్రదాయం పండితులు తప్పనిసరి అన్నారు, హనఫీ సంప్రదాయం పండితులు సున్నత్, అంటే ప్రవక్త చూపిన మంచి ఆచారం, అన్నారు. ఏడో రోజు మంచిదనేవాళ్లు ఉన్నారు, కానీ ఆ రోజే చేయాలనే కట్టడి లేదు. ప్రాణానికి హాని ఉందంటే పండితులు ఆపమనే చెప్తారు. మీ ఇమామ్‌గారిని అడగండి. క్రైస్తవులకి ఈ చర్చ అపొస్తలుల కార్యములు 15వ అధ్యాయంలోనే తేలిపోయింది, అన్యజనుల మీద, అంటే యూదులు కాని విశ్వాసుల మీద, సున్నతి భారం పెట్టలేదు.

(దృశ్యం: బొమ్మ మీద గీతలతో వివరణ. నిజమైన శరీర దృశ్యాలు వద్దు.)

మరి వైద్యం ఏమంటుంది? మగబిడ్డలకి మొదటి ఏడాదిలో మూత్రంలో ఇన్ఫెక్షన్లు సున్తీతో తగ్గుతాయి. కానీ ఆరోగ్యంగా ఉన్న మగపిల్లల్లో అది వచ్చేదే వందలో ఒకరికి అటూ ఇటూ. దక్షిణాఫ్రికా, కెన్యా, ఉగాండాల్లో ఎదిగిన మగవాళ్ల మీద జరిగిన పరిశోధనల్లో, ఆడవాళ్ల నుంచి హెచ్‌ఐవి సోకే ముప్పు దాదాపు 60 శాతం తగ్గింది. 2007లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దాన్ని, ఆ జబ్బు ఎక్కువగా ఉన్న దేశాలకి సిఫార్సు చేసింది. అమెరికా పిల్లల వైద్యుల సంఘం 2012లో లాభాలు నష్టాల కంటే ఎక్కువే అంటూనే, ప్రతి బిడ్డకీ చేయమని చెప్పేంత కాదు, తల్లిదండ్రులే నిర్ణయించుకోవాలి అంది. అంటే వైద్యం కోసం తప్పనిసరి కాదు, విశ్వాసం కోసం చేయించుకునేవాళ్లని తప్పుపట్టే పనీ కాదు. నా అభిప్రాయం కూడా ఇదే.

ఆడపిల్లలకి చేసేది మాత్రం దీనితో కలపకండి. దానికి ఏ లాభమూ లేదు, ఉన్నదంతా హాని.

సున్తీ ఆపాల్సిన సందర్భాలు కొన్ని ఉన్నాయి. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డ, కామెర్లు ఎక్కువగా ఉన్న బిడ్డ, జ్వరం ఉన్న బిడ్డ. ఇంకొకటి చాలామందికి తెలియదు. కొందరు పిల్లలకి మూత్రం వచ్చే రంధ్రం చివర కాకుండా కింది వైపు ఉంటుంది. దాన్ని తర్వాత ఆపరేషన్‌తో సరిచేయడానికి డాక్టరుకి ఆ ముందు చర్మమే కావాలి. తెలియక కోసేస్తే, కుట్టడానికి దాచాల్సిన గుడ్డని పారేసినట్టే. కాబట్టి డాక్టరు ఒకసారి చూడాలి, వెలుతురులో, తీరిగ్గా. పసిబిడ్డకి ఆ చర్మం వెనక్కి రాకపోవడం సహజం, నూనె రాసి బలవంతంగా లాగొద్దు.

నొప్పి సంగతి. "పసిబిడ్డకి ఏం తెలుస్తుంది" అంటారు. ఒకప్పుడు పెద్ద పెద్ద ఆసుపత్రుల్లో డాక్టర్లు కూడా అలాగే అనుకున్నారు. కన్వల్‌జీత్ సింగ్ ఆనంద్ అనే మన దేశపు వైద్యుడు ఇంగ్లండ్‌లో చేసిన పరిశోధనలు 1987లో అచ్చయ్యాకే ఆ నమ్మకం కదిలింది. బిడ్డకి నొప్పి తెలుస్తుంది. మత్తు సూది ఇచ్చే చేయించండి. ఇంటికి వచ్చి చేసే హజామ్ తాతల కాలం నుంచీ చేస్తున్నవాడే కావచ్చు, ఆయన మీద నాకు అగౌరవం లేదు. కానీ మత్తు, ఉడికించిన పరికరం, రక్తం ఆగకపోతే కుట్టు వేసే చెయ్యి, మూడూ ఒకచోట ఉండాలి. శిక్షణ ఉన్న చేతిలో పసిబిడ్డకి ఇబ్బందులు తక్కువ, వయసు పెరిగేకొద్దీ పెరుగుతాయి. ప్లాస్టిక్ రింగు పద్ధతిలో చేస్తే అది వారం పది రోజుల్లో దానంతట అదే రాలిపోతుంది, పీకొద్దు. గుడ్డ తడిసేలా రక్తం వచ్చినా, 12 గంటలైనా మూత్రం పోయకపోయినా వెంటనే ఆసుపత్రికి రండి.

చట్టం గురించి ఒక మాట. జర్మనీలో కొలోన్ నగరంలో నాలుగేళ్ల బాబుకి సున్తీ తర్వాత రక్తస్రావమైతే, 2012 మేలో కోర్టు దాన్ని శరీరానికి గాయం చేయడమే అంది. దేశమంతా గొడవైంది. ఆ డిసెంబరులోనే పార్లమెంటు తల్లిదండ్రుల హక్కును కాపాడుతూ చట్టం చేసింది, వైద్య నియమాలు పాటించాలనే షరతుతో. మన రాజ్యాంగం 25వ అధికరణ మత స్వేచ్ఛ ఇస్తూనే దాన్ని ఆరోగ్యానికి లోబడి ఉంచింది. ఆ మాట అక్కడ రాసే ఉంది.

(దృశ్యం: మళ్లీ వార్డు మంచం. ఖాళీ క్యారియర్.)

నానీ మనవడికి రక్త పరీక్ష చేశారు. ఫాక్టర్ 8 చాలా తక్కువగా ఉంది. ఆమె కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత అడిగింది ఒక్కటే: "అఖీఖా చేసుకోవచ్చా?" చేసుకోవచ్చు అని డాక్టరుగారు చెప్పారు. ఏడో రోజు చేశారు. బ్లేడు వాడకుండా మిషన్‌తో జుట్టు తీశారు, ఆ జుట్టు తూకానికి వెండి లెక్కగట్టి దానం ఇచ్చారు, పేరు పెట్టారు. సున్తీ ఆ రోజు లేదు. తర్వాత పెద్ద ఆసుపత్రిలో ఫాక్టర్ ఎక్కించి చేశారు. పెద్దకూతురి కొడుక్కి కూడా అదే జబ్బని అప్పుడే తేలింది.

నానీ ఇప్పటికీ నాకు ఫోన్ చేస్తుంది. వాళ్ల వీధిలో ఎవరు నీళ్లోసుకున్నారని తెలిసినా ఇంటికి వెళ్లి, ముందు మేనమామల గురించి అడుగుతుందట.