మెట్ల నడుమ తొలిచిన చెక్క: 'శక్తి' బృందం గురించి

శ్రోతలకు నమస్కారం.

1975 జూలై 5వ తేదీన అమెరికాలో, న్యూయార్క్ రాష్ట్రపు లాంగ్ ఐలాండ్‌లో ఉన్న సౌతాంప్టన్ కళాశాలలో ఒక కచేరీ జరిగింది. ఆ కచేరీ గురించి, దాన్ని చేసిన 'శక్తి' అనే చిన్న బృందం గురించి ఈ పూట మీతో మాట్లాడదలచుకున్నాను. జాజ్ సంగీతాన్నీ మన శాస్త్రీయ సంగీతాన్నీ కలపడానికి లోకంలో ఎందరో ప్రయత్నించారు. వాటిలో చాలావరకు రెండు సంగీతాలూ ఒకే వేదికమీద విడివిడిగా మోగినట్టే నాకు వినిపించాయి. 'శక్తి' విషయంలో అలా జరగలేదు. ఎందుకు జరగలేదన్నదే నా ప్రసంగ విషయం.

ఆ వేదికమీద డ్రమ్ముల సెట్టు లేదు, పియానో లేదు, బేస్ గిటారు లేదు. కళాకారులు మన కచేరీలలో లాగానే బాసిపట్టు వేసుకొని కూర్చున్నారు. గిటారు పట్టుకున్నవారు జాన్ మెక్‌లాఫ్లిన్. 1942లో ఇంగ్లండులోని యార్క్‌షైర్‌లో పుట్టి, 1969లో అమెరికా చేరి, జాజ్ ట్రంపెట్ విద్వాంసుడు మైల్స్ డేవిస్ రికార్డులలో వాయించి, ఆపైన మహావిష్ణు ఆర్కెస్ట్రా అనే బృందంతో, చెవులు దద్దరిల్లే విద్యుత్ గిటారుతో పేరు గడించినవారు. వయొలిన్ ఎల్. శంకర్‌ది, వయొలిన్ విద్వాంసులైన ఎల్. వైద్యనాథన్‌కూ ఎల్. సుబ్రహ్మణ్యంకూ తమ్ముడు. తబలా జాకిర్ హుస్సేన్‌ది. ఉస్తాద్ అల్లా రఖా కుమారుడు, అప్పటికి ఇరవై నాలుగేళ్లవాడు. ఘటం టి.హెచ్. వినాయకరాం గారిది, 1966లో ఐక్యరాజ్యసమితిలో ఎం.ఎస్. సుబ్బులక్ష్మి గారి గానకచేరీకి ఘటం వాయించినవారు ఆయనే. ఆ మొదటి రికార్డులో రామనాడ్ రాఘవన్ గారి మృదంగం కూడా ఉంది. తర్వాత బృందం నలుగురితోనే నడిచింది.

తూర్పు పడమరల కలయిక అని దీన్ని అందరూ అంటారు గానీ, ఇందులో ఉత్తర దక్షిణాల కలయిక కూడా ఉన్నదన్న సంగతి మనం మరిచిపోకూడదు. ఉత్తరాది తబలా, దక్షిణాది ఘటం ఒకే పాటకు పక్కపక్కన కూర్చొని మోగడం ఆ రోజుల్లో మన దేశంలోనే అరుదు. రెండింటి జతులు, అంటే దెబ్బలను పలికే అక్షరాల వరుసలు, వేరు, నడక వేరు, శిష్యులకు నేర్పే పద్ధతి వేరు.

ఇక అసలు చిక్కు దగ్గరికి వస్తాను. జాజ్‌లో సాధారణంగా మొదట ఒక పాట వరుసను వినిపిస్తారు. ఆ తర్వాత ఆ వరుస కింద నడిచే కార్డుల క్రమాన్ని, అంటే ఒకేసారి పలికే మూడు నాలుగు స్వరాల గుంపులు ఒకదాని వెంట ఒకటి మారుతూ పోయే క్రమాన్ని, ఆధారంగా పట్టుకొని ఒక్కొక్కరు తమ మనోధర్మాన్ని, అంటే అప్పటికప్పుడు కల్పించే సంగీతాన్ని, చూపిస్తారు. కార్డు మారినప్పుడల్లా వాయించేవాడి కాళ్లకింది నేల కదులుతుంది. ఆ కదలికలోనే జాజ్ సొగసు చాలావరకు ఉంది. మన సంగీతంలో షడ్జం, అంటే ఆధార స్వరమైన 'స', కదలదు. తంబుర మొదలుపెట్టిన శ్రుతి మంగళం పాడేదాకా అక్కడే ఉంటుంది, రాగం ఆ ఒక్క శ్రుతిమీద తన రూపాన్ని కట్టుకుంటుంది. మోహన రాగంలో మధ్యమం (మ), నిషాదం (ని) లేవు. పక్కన కూర్చున్నవాడు మధ్యమం ఉన్న కార్డు ఒక్కటి మోగించగానే మోహన చెదిరిపోతుంది. కాబట్టి కార్డులను ఉన్నవి ఉన్నట్టు తెచ్చి రాగంమీద పరిస్తే రాగం పోతుంది, రాగాన్ని ఉన్నది ఉన్నట్టు కార్డులకు అప్పగిస్తే జాజ్ వాద్యకారునికి చేయడానికి పని మిగలదు.

అయితే జాజ్ అప్పటికే సగం దూరం నడిచి వచ్చి ఉంది. 1950ల చివరి నుంచి మైల్స్ డేవిస్, జాన్ కొల్ట్రేన్ వంటివారు కార్డుల మార్పులను బాగా తగ్గించి, ఒకే స్వరశ్రేణిమీద ఎక్కువసేపు నిలిచి విస్తరించే పద్ధతిని పట్టుకున్నారు. కొల్ట్రేన్ పండిత రవిశంకర్ గారి మీది గౌరవంతో తన కుమారునికి రవి అని పేరు పెట్టుకున్నారు. మెక్‌లాఫ్లిన్ ఆ పరంపరలోనుంచి వచ్చినవారు కనుక, ఒకే శ్రుతిమీద నిలబడి గంటసేపు ఆలోచించడం ఆయనకు కొత్త కాదు. కొత్తది గమకం, అంటే స్వరాన్ని ఊపుతూ, జారుస్తూ పలికించడం.

గమకం కోసం ఆయన అమెరికాలోని వెస్లియన్ విశ్వవిద్యాలయంలో డాక్టర్ ఎస్. రామనాథన్ గారి దగ్గర వీణ నేర్చుకున్నారు. వీణ వాయించినవారికి తెలుసు: మైనంలో నిలిపిన మెట్ల మీదుగా, అంటే స్వరస్థానాలను చూపే అడ్డకమ్మీల మీదుగా, తీగను పక్కకు లాగితే స్వరం పైకి జారుతుంది, మెట్టుకూ మెట్టుకూ మధ్య ఖాళీ ఉంటుంది గనుక వేలికి ఆ స్వేచ్ఛ దొరుకుతుంది. గిటారులో ఆ ఖాళీ ఉండదు. మెట్ల నడుమ చదునైన చెక్క ఉంటుంది, వేలు తీగను నొక్కగానే ఆ చెక్కకు తగిలి ఆగిపోతుంది. అందుకని మెక్‌లాఫ్లిన్, గిటారులు తయారుచేసే ఏబ్ వెక్టర్‌తో ఒక ప్రత్యేకమైన వాద్యాన్ని చేయించుకున్నారు. అందులో ప్రతి రెండు మెట్ల నడుమ చెక్కను దోనెలాగా లోపలికి తొలిచారు. దానితో వేలు చెక్కను తాకకుండానే తీగను లోతుకు నొక్కవచ్చు, పక్కకు లాగవచ్చు, కంపింపజేయవచ్చు. అంతటితో ఆగలేదు. మామూలుగా ఉండే ఆరు తీగల కింద, వాటికి ఏటవాలుగా, మరో ఏడు తీగలు బిగించారు. రాగానికి తగినట్టు వాటిని శ్రుతి చేసుకుంటే, పైతీగ పలికినప్పుడు కిందివి వాటంతట అవే సన్నగా స్పందిస్తాయి; కావాలనుకున్నప్పుడు వేళ్లతో ఒక్కసారి మీటితే తంబుర గుర్తొచ్చే ఝంకారం వస్తుంది.

ఈ గిటారు గురించి ఇంత వివరంగా చెప్పడానికి కారణం ఉంది. రెండు సంగీతాలు కలవాలంటే మనసు విశాలంగా ఉంటే చాలునని చాలామంది అనుకుంటారు. చేతిలోని చెక్కను తొలుచుకోవలసి వస్తుందని అనుకోరు. అప్పటికే లోకమంతా మెచ్చిన వాద్యకారుడు, తనకు పేరు తెచ్చిన విద్యుత్ గిటారును పక్కనపెట్టి, చిన్న పిల్లవాడిలాగా సరళీ స్వరాల దగ్గర మొదలుపెట్టడం నా దృష్టిలో చాలా పెద్ద విషయం. మహావిష్ణు ఆర్కెస్ట్రా జోరుకు అలవాటుపడిన అభిమానులు ఎందరో నిరాశపడ్డారు, రికార్డుల అమ్మకాలు ఆ స్థాయికి చేరలేదు. ఆయన వెనక్కి తగ్గలేదు.

స్వరం దగ్గర ఇంత శ్రమ పడవలసి వచ్చింది గానీ, లయ దగ్గర రెండు సంగీతాలూ ఏనాడో చుట్టాలైనట్టు కలిశాయి. జాజ్‌లో ఇద్దరు వాద్యకారులు చెరి నాలుగు ఆవృత్తాలు, ఆ తర్వాత చెరి రెండు, ఆపైన ఒక్కొక్కటి వంతులవారీగా పంచుకుంటూ సంభాషించే ఆచారం ఉంది. మన తని ఆవర్తనంలో, అంటే కచేరీలో లయవాద్యాలు మాత్రమే మోగే భాగంలో, మృదంగం, ఘటం చేసేదీ అదే: వంతుల నిడివిని క్రమంగా తగ్గించుకుంటూ దగ్గరికి వచ్చి, చివరకు ఇద్దరూ కలిసి ముక్తాయింపు వేసి సమానికి, అంటే తాళపు మొదటి దెబ్బకు, చేరతారు. 'శక్తి' ఈ పోలికను పూర్తిగా వాడుకుంది. మొదటి రికార్డు ప్రారంభంలో ఉన్న 'జాయ్' అనే పద్ధెనిమిది నిమిషాల రచనలో గిటారూ వయొలినూ ఒకదాన్నొకటి తరుముతుంటే, వెనకనుంచి తబలా, ఘటం ఎవరి వంతు ఎక్కడ తెగుతుందో ముందే కనిపెట్టినట్టు అందుకుంటాయి. నేను మొదటిసారి దాన్ని క్యాసెట్టుమీద విన్నప్పుడు, తాళం వేస్తున్న నా చెయ్యి మూడుచోట్ల తప్పింది. మళ్లీ వెనక్కి తిప్పి వింటేగాని సమం దొరకలేదు. రెండవ రికార్డులోని ఒక రచన ఏకంగా కొన్నకోలుతోనే మొదలవుతుంది, అంటే నోటితో చెప్పే జతులతో.

బేస్ గిటారు లేని లోటు ఎవరు తీర్చారని మీరు అడగవచ్చు. ఘటాన్ని పొట్టకు ఆనించి, మూతిని కొద్దిగా తెరిచి మూస్తూ, అరచేతి అడుగుతో కొడితే బావిలోనుంచి వచ్చినట్టు ఒక గంభీరమైన నాదం పలుకుతుంది. దానికి తబలా జంటలో ఎడమచేతి వాద్యమైన బాయా పలికే లోతైన గుమకి తోడైతే, జాజ్‌లో బేస్ చేసే పని చాలావరకు జరిగిపోతుంది. మట్టికుండ ఒకటి జాజ్ సంగీతానికి పునాది మోసిందన్న మాట!

మూడు రికార్డుల తర్వాత 1978లో బృందం విడిపోయింది. 1997లో హరిప్రసాద్ చౌరాసియా గారి వేణువుతో 'రిమెంబర్ శక్తి' అనే పేరున మళ్లీ మొదలై, ఆ తర్వాత వినాయకరాం గారి కుమారుడు సెల్వగణేశ్ కంజీరతో, శంకర్ మహదేవన్ గాత్రంతో కొనసాగింది. 2023లో వచ్చిన 'దిస్ మూమెంట్' అనే రికార్డుకు 2024 ఫిబ్రవరిలో గ్రామీ పురస్కారం దక్కింది. అదే ఏడాది డిసెంబరులో జాకిర్ హుస్సేన్ శాన్ ఫ్రాన్సిస్కోలో కన్నుమూశారు.

1997 తర్వాతి ఈ రెండవ దశలో బృందంలో చేరినవారు మన మాండలిన్ శ్రీనివాస్. 1969లో పశ్చిమగోదావరి జిల్లా పాలకొల్లులో పుట్టిన ఆ బాలుడు, మెక్‌లాఫ్లిన్ చేసిన ప్రయాణాన్నే ఎదురు దిశలో చేశాడు. ఒక పాశ్చాత్య వాద్యాన్ని తీసుకొని, దాని జంట తీగలను తీసివేసి, ఐదు ఒంటి తీగలు బిగించి, విద్యుత్ సాయంతో నాదం నిలిచేలా చేసుకొని, త్యాగరాజస్వామి కీర్తనలను దానిమీద పలికించాడు. గురువు రుద్రరాజు సుబ్బరాజు గారికి మాండలిన్ వాయించడం రాదు. ఆయన పాడేవారు, పిల్లవాడు ఆ గమకాన్ని తీగమీద తానే వెతుక్కునేవాడు. చూపించే వేలు ఎదురుగా లేనందువల్లనే, ఆ వాద్యంలో గాత్రపు పలుకు అంతగా నిలిచిందని నేను గట్టిగా నమ్ముతాను. 2014 సెప్టెంబరు 19న, నలభై ఐదేళ్ల వయసులో, చెన్నైలో ఆయన మనకు దూరమయ్యారు.

2000లో వెలువడిన 'ద బిలీవర్' అనే రికార్డులో యార్క్‌షైర్ గిటారూ పాలకొల్లు మాండలినూ పక్కపక్కన వినిపిస్తాయి. వీలైతే దాన్ని రాత్రిపూట, ఇల్లు సద్దుమణిగాక వినండి. గిటారు ఒక సంగతిని, అంటే చిన్న స్వరాల వరుసను, వేసి స్వరాన్ని సూటిగా నిలిపి ఆపుతుంది. మాండలిన్ సరిగ్గా ఆ స్వరం దగ్గరే అందుకొని, దాన్ని కొద్దిగా ఊపి, కిందికి జార్చి, తిరిగి ఇస్తుంది. ఆ తర్వాత గిటారు ఎలా పలుకుతుందో కొంచెం శ్రద్ధగా గమనించండి.