మిక్సింగ్ గదిలో గ్రాఫిక్స్ కార్డు: చేసే పని, చేయని పని

సభాధ్యక్షులకు, వేదిక మీది పెద్దలకు, మన ఊరి ఫొటో, వీడియో మిత్రులందరికీ నమస్కారం. శాలువాల కార్యక్రమానికే గంట దాటిపోయింది కనుక మిగిలిన మర్యాదలను నా వంతుగా తగ్గించుకుంటాను. ఆగస్టు 19న, ప్రపంచ ఫొటోగ్రఫీ దినోత్సవం నాడు, కెమెరా పట్టినవారికి ఏడాదికి ఒకసారైనా మెడలో దండ పడుతుంది. ఆ కెమెరా తెచ్చిన ఫుటేజీతో తెల్లవార్లూ మిక్సింగ్ గదిలో కూర్చునే మాకు క్యాలెండరులో తేదీ లేదు. అందుకే మీ తేదీలోంచి పది నిమిషాలు అడిగి తీసుకున్నాను. నాకిచ్చిన అంశం పెళ్లి వీడియోల్లో కొత్త పోకడలు. అయితే ఉదయం టిఫిన్ల దగ్గర ఒక తమ్ముడు కొత్త కంప్యూటరుకు షాపువారు రాసిచ్చిన కొటేషన్ చూపించాడు. దాన్ని చూశాక పోకడల మీద రాసుకొచ్చిన కాగితాలు మడిచి సంచిలో పెట్టేశాను.

మూడేళ్ల క్రితం అలాంటి కాగితమే పట్టుకుని నేనూ ఒక షాపు మెట్లెక్కాను. ఆ షాపు పేరు ఇక్కడ అనవసరం. ఎన్విడియా ఆర్‌టీఎక్స్ 3060 గ్రాఫిక్స్ కార్డు, ఇంటెల్ ఐ7 12700 ప్రాసెసర్ అడిగాను. “ఇంత పెద్ద కార్డు పెట్టుకుని ప్రాసెసర్‌లో మళ్లీ గ్రాఫిక్స్ ఎందుకండీ? 12700ఎఫ్ తీసుకోండి, రెండు వేలు మిగులుతాయి” అన్నారు. నేను సంతోషించాను. ఆ రెండు వేలకు మరికొంత కలిపి యూపీఎస్‌కు కొత్త బ్యాటరీ కూడా వేయించాను.

ఆ నెలలోనే ఒక పెళ్లి ఒప్పుకున్నాం. ముహూర్తం రాత్రి 2 గంటల 17 నిమిషాలకు. నాలుగు కెమెరాలూ సోనీ ఏ7 4. ఫుటేజీ 4కే, హెచ్‌ఈవీసీ అనే గట్టిగా కుదించే పద్ధతిలో, 10 బిట్, 4:2:2 రంగు వివరంతో. పెళ్లికూతురు మూడో రోజునే డల్లాస్ ప్రయాణం కావడంతో, అయిదు నిమిషాల హైలైట్స్‌ను పెన్‌డ్రైవ్‌లో వేసి గన్నవరం విమానాశ్రయంలో చేతికిస్తానని వాళ్ల నాన్నగారికి మాటిచ్చాను. నాలుగు కెమెరాలనూ టైమ్‌లైన్ మీద పరిచి ప్లే నొక్కితే జీలకర్ర బెల్లం దగ్గర బొమ్మ ఆగిపోయింది. కాసేపటికి కదిలినా, మంగళసూత్రధారణ వచ్చేసరికి మేళం ముందుకు పోయి బొమ్మ వెనకబడింది. టాస్క్ మేనేజర్ తెరిస్తే ప్రాసెసర్ నూటికి నూరు శాతం పనిచేస్తోంది, కార్డు మాత్రం ఒక మూల కునుకు తీస్తోంది. డ్రైవర్లు మార్చాను, సాఫ్ట్‌వేర్ తీసేసి మళ్లీ వేశాను, తెల్లవారింది. విమానాశ్రయానికి ఉత్త చేతులతో వెళ్లాను. ఆ పెద్దాయన ఒక్క మాట అనలేదు. “పర్లేదు బాబూ, తర్వాత పంపిద్దువుగాని” అని నా చేతిలో లడ్డూల డబ్బా పెట్టారు. తిట్టి ఉంటే ఈపాటికి మరచిపోయి ఉండేవాణ్ణి.

ఆ రాత్రి నాకు తెలియనిదేమిటో చెబుతాను, కొంచెం ఓపిక పట్టండి. ఎడిటింగులో కంప్యూటరు చేసే పనులు మూడు: కెమెరా మూటకట్టి, అంటే కుదించి, ఇచ్చిన ఫుటేజీని విప్పడం, విప్పిన బొమ్మకు రంగులు దిద్ది పొరలు కలపడం, చివరికి మళ్లీ మూటకట్టడం. మధ్యలోని పనికి కార్డును మించినది లేదు. 4కే ఫ్రేములో 82,94,400 పిక్సెల్స్ ఉంటాయి. సెకనుకు 25 ఫ్రేములంటే 20 కోట్ల పైచిలుకు పిక్సెల్స్‌కు ఒకే రకం లెక్క చేయాలి. ఒక్కసారిగా వెయ్యి విస్తళ్లలో వడ్డించాలంటే కావలసింది చేయి తిరిగిన వంటమాస్టరు కాదు, వందమంది వడ్డన కుర్రాళ్లు. కార్డులోని వేల కోర్లు ఆ కుర్రాళ్లే. 2010లో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ ప్రీమియర్ సీఎస్5తో వచ్చిన మెర్క్యురీ ఇంజిన్ వాళ్లనే పనిలోకి దింపింది. అప్పట్లో అది కొద్ది కార్డులనే ఒప్పుకునేది కాబట్టి, ఆ జాబితా ఉన్న టెక్స్ట్ ఫైలు తెరిచి మన కార్డు పేరు మనమే రాసుకునేవాళ్లం. ఇక్కడ నవ్వుతున్నవారంతా ఆ పని చేసినవారేనని నాకు తెలుసు.

మూట విప్పే పని, కట్టే పని ఆ కుర్రాళ్లవి కావు. వాటికి చిప్పులో విడిగా చిన్న భాగాలుంటాయి: ఇంటెల్ 2011లో క్విక్ సింక్ పేరుతో ప్రాసెసర్ గ్రాఫిక్స్‌లో పెట్టింది, ఎన్విడియా 2012లో కెప్లర్ తరం కార్డుల్లో ఎన్‌వెంక్ పేరుతో మూటకట్టే భాగం పెట్టింది. చిప్పు తయారైననాడు ఏ ముడులు నేర్చుకుందో, ఆ ముడులనే ఆ భాగం విప్పగలదు. 4:2:0లో రంగు వివరం అడ్డంగానూ నిలువుగానూ సగమే ఉంటుంది; 4:2:2లో అడ్డంగా మాత్రమే సగం, నిలువునా పూర్తిగా ఉంటుంది. గ్రేడింగుకు, అంటే రంగులు దిద్దడానికి, మనం కోరి తీసే ఈ 4:2:2ను విప్పే సౌకర్యం ఎన్విడియా జీఫోర్స్ కార్డుల్లోకి 2025లో 50 సిరీస్‌తోనే వచ్చింది; నా 3060 అంతకు ముందుది. హెచ్‌ఈవీసీ 4:2:2ను మాత్రం గ్రాఫిక్స్ ఉన్న ఇంటెల్ డెస్క్‌టాప్ ప్రాసెసర్లు 11వ తరం నుంచే విప్పుతున్నాయి. అంటే నేను మొదట అడిగిన 12వ తరపు 12700 ఆ ముడి విప్పగలిగేది. చివర ఎఫ్ ఉన్న ప్రాసెసర్‌లో గ్రాఫిక్స్ భాగం పనిచేయదు. రెండు వేలండీ! రెండు వేలకు ఆశపడి ఆ పెద్దాయన ముందు ఉత్త చేతులతో నిలబడ్డాను.

మిగతావి త్వరగా చెబుతాను. ప్రీమియర్ ప్రాజెక్ట్ సెట్టింగ్స్‌లో రెండరర్ (బొమ్మను లెక్కగట్టే ఇంజిన్) సాఫ్ట్‌వేర్ ఓన్లీ అని ఉంటే, ఎంత ఖరీదైన కార్డుకైనా రంగులు దిద్దే పని అందదు. ఎన్విడియా, ఏఎమ్‌డీ కార్డులతో ఎక్స్‌పోర్ట్, అంటే చివరి మూటకట్టే పని, చేసే సౌకర్యం అందులో 2020 మే నుంచి ఉంది. దానితో గంటల పని నిమిషాల్లోకి దిగవచ్చు గాని, బిట్‌రేట్ (సెకను వీడియోకు వాడే డేటా) మరీ తగ్గిస్తే తలంబ్రాల షాట్‌లో బియ్యపు గింజలన్నీ చదరాలుగా అలుక్కుపోతాయి. అక్కడ పిసినారితనం వద్దు. కొత్తది కొనే స్తోమత లేనివారు రాత్రి పడుకునే ముందు ప్రాక్సీలు, అంటే ఫుటేజీకి తేలికపాటి నకళ్లు, పెట్టుకోండి; నా 12700ఎఫ్ ఈనాటికీ అలాగే అన్నం పెడుతోంది.

తమ్ముడూ, నీ కొటేషన్ నా జేబులోనే ఉండిపోయింది. కార్డు 40 సిరీస్ రాశారు, ప్రాసెసర్ పేరు చివర ఎఫ్ ఉంది. దాని చుట్టూ ఎర్ర పెన్నుతో సున్నా చుట్టాను. భోజనాలకు లేచే ముందు వచ్చి తీసుకో. నీ కెమెరా ఏమిటో, ఏ ఫార్మాట్‌లో తీస్తున్నావో చెబితే మిగిలిన వరుసలు కూడా కలిసి చూద్దాం.