మోచేతి పక్కన తిరిగే షాఫ్ట్: ఈ పది కిలోల ఇనుము దగ్గర పిసినారితనం వద్దు

అందరికీ నమస్కారం. ఇవాళ రాయగడలో మన షెడ్డులో లేను. పొద్దున్నే గుణుపూర్ మీదుగా పర్లాకిమిడి వచ్చాను. నా వెనక కనిపిస్తున్న ఈ చిన్న బండిని మా అక్క కొడుకు కడుతున్నాడు. రెండేళ్లుగా ఖాళీ దొరికినప్పుడల్లా ఈ రేకుల షెడ్డులోనే కూర్చుని కడుతున్నాడు. పైపులన్నీ తనే కోసుకున్నాడు, తనే వెల్డింగ్ చేశాడు. ఇంజిన్, గేర్ బాక్స్, వెనక యాక్సిల్ ఒక పాత ఓమ్ని వ్యాన్‌వి. చూస్తే ముచ్చటేస్తోంది. నేను వచ్చింది మెచ్చుకోవడానికే. కానీ సీట్లో కూర్చున్న నిమిషంలో నా మనసు వేరే చోటికి పోయింది.

కెమెరా కొంచెం దగ్గరికి పట్టరా. ఇదిగో, డ్రైవర్ సీట్లో ఇలా కూర్చున్నాను. నా ఎడమ తుంటి ఈ రేకుకు ఆనుకుని ఉంది. మోచెయ్యి దాని మీదే పెట్టుకుంటాం. రెండు సీట్ల మధ్యన పెట్టెలా ఉన్న ఈ భాగాన్ని టన్నెల్ అంటారు. దీని లోపల గేర్ బాక్స్ నుంచి వెనక హౌసింగ్ దాకా, అంటే వెనక యాక్సిల్ మధ్యలో గేర్లుండే డబ్బా దాకా, ఇంజిన్ బలాన్ని మోసుకెళ్ళే ప్రొపెల్లర్ షాఫ్ట్ తిరుగుతుంది. ఇప్పుడు గోటితో తడుతున్నాను, చప్పుడు వినండి. అల్యూమినియం రేకు, ఒక మిల్లీమీటరు మందం. నాకూ ఆ షాఫ్ట్‌కూ మధ్య ఉన్నది ఇదొక్కటే.

ఒక మాట ముందే చెబుతాను. మన షెడ్లలో డ్రైవ్ షాఫ్ట్ అంటే చాలామందికి ఆల్టో, స్విఫ్ట్‌ల ముందు చక్రాలకు వెళ్ళే పొట్టి కడ్డీలు గుర్తొస్తాయి. నేను మాట్లాడుతున్నది అది కాదు. జీపు కింద, బొలెరో కింద ముందు నుంచి వెనక్కి వెళ్ళే పొడుగు గొట్టం గురించి.

ఈ తరహా బండికి మూలం ఇంగ్లండులో ఉంది. 1957లో కోలిన్ చాప్‌మన్ కంపెనీ లోటస్, సెవెన్ అనే బండి తెచ్చింది. 1973 నుంచి దాన్ని కేటర్‌హామ్ వాళ్ళు తయారు చేస్తున్నారు. 2021లో వాళ్ళు తెచ్చిన సెవెన్ 170లో ఉన్నది 660 సీసీ సుజుకి ఇంజిన్, బండి బరువు 440 కిలోలు. మన ఆల్టో బరువులో మూడింట రెండు వంతులు కూడా లేదు. బరువు తగ్గితే చిన్న ఇంజిన్‌తోనే బండి ఎగిరి గంతేస్తుంది. ఆ రుచి నాకూ తెలుసు, తప్పుపట్టను. కానీ ఇలాంటి బండిలో మనిషి కూర్చునేది సరిగ్గా వెనక యాక్సిల్ ముందు. షాఫ్ట్ వంపులో కూడా తిరగడానికి దాని రెండు కొసల్లో చెరొక జాయింటు ఉంటుంది. అంటే వెనక జాయింటు మన తుంటి పక్కనే ఉంటుంది. జీపులో అయితే షాఫ్ట్ కాళ్ళ కింద ఉంటుంది, మధ్యలో మందమైన ఇనుప ఫ్లోర్ ఉంటుంది. ఇక్కడ షాఫ్టూ మనమూ ఒకే ఎత్తులో, పక్కపక్కనే ఉన్నాం.

షాఫ్ట్ విరిగితే ఏమవుతుందో నాకు పుస్తకం చదివి తెలియలేదు. నాకు పంతొమ్మిదేళ్ళప్పుడు మా మావయ్య జీపు మీద క్లీనరుగా వెళ్ళేవాణ్ణి. సుంకి ఘాట్ దిగి సాలూరు సంతకు జనాన్ని తోలేవాళ్ళం. ఒకరోజు ఘాట్ దిగి చదును రోడ్డు మీదకు వచ్చాం, యాభై స్పీడులో ఉన్నాం. రెండు రోజులుగా కింద నుంచి పిచ్చుక కూసినట్టు కీచు కీచుమని చప్పుడు వస్తూనే ఉంది. సంత అయ్యాక చూద్దాంలే అన్నాడు మావయ్య. ఉన్నట్టుండి సుత్తితో కొట్టినట్టు ఒక దెబ్బ. ఆ వెంటనే లెక్క పెట్టలేనన్ని దెబ్బలు. నా మడమ కింద ఫ్లోరు రేకు పైకి ఉబ్బింది. మావయ్య బ్రేకు తొక్కితే పెడల్ నేలకు జారిపోయింది, ఎందుకంటే షాఫ్ట్ కొట్టిన దెబ్బకు బ్రేకు పైపు తెగిపోయింది. గేరులో పెట్టి ఆపుదామంటే ఇంజిన్‌కూ చక్రాలకూ సంబంధమే లేదు. పక్కనున్న మట్టిగట్టు మీదకు ఎక్కించి ఆపాడు. పక్కన కూర్చున్న అవ్వ పిక్క రేకుకు కోసుకుపోయి ఏడు కుట్లు పడ్డాయి. అదే దెబ్బ ఘాట్ మధ్యలో తగిలి ఉంటే మేమెవరం మిగిలేవాళ్ళం కాదు.

అది మందమైన జీపు రేకు. ఇది ఒక మిల్లీమీటరు అల్యూమినియం.

లెక్క కూడా చెబుతాను, ఎందుకంటే చెబితే కానీ మావాడు నమ్మలేదు. షాఫ్ట్ మీటరు పొడుగు, ఐదు కిలోల బరువు అనుకోండి. నిమిషానికి 3000 చుట్లు తిరుగుతోంది. యాక్సిల్ నిష్పత్తి 4:1 అయితే, అంటే షాఫ్ట్ నాలుగు చుట్లకు చక్రం ఒక చుట్టు తిరిగితే, బండి సుమారు 80 కిలోమీటర్ల వేగంలో ఉన్నట్టు, పెద్ద వేగమేం కాదు. ముందు జాయింటు తెగింది. వెనక జాయింటు పట్టుకునే ఉంది కాబట్టి తెగిన కొస గాలిలో గిరగిరా తిరుగుతూ బయటికి విచ్చుకుంటుంది. పది సెంటీమీటర్లు పక్కకు జరిగిందంటే ఆ కొస వేగం గంటకు 110 కిలోమీటర్ల పైమాట. అది టన్నెల్ గోడను నెట్టే బలం సుమారు ఒకటిన్నర టన్నులు. అదీ సెకనుకు 50 సార్లు చుట్టి వస్తూ. ఆ వేగానికి రేకు, రివిట్లు, మన తొడ ఎముక అన్నీ ఒకటే.

ఇందులో చాలామంది గమనించని సంగతి ఒకటుంది. ముందు జాయింటు తెగితే యాక్సిలరేటర్ వదిలినా షాఫ్ట్ ఆగదు. చక్రాలు దొర్లుతున్నంతసేపు హౌసింగ్ దాన్ని తిప్పుతూనే ఉంటుంది. బండి పూర్తిగా నిలబడితేనే అది ఆగుతుంది. వెనక జాయింటు తెగితే వేరే కథ. అప్పుడు తిప్పేది ఇంజిన్, కాబట్టి క్లచ్ తొక్కితే కాసేపట్లో నెమ్మదిస్తుంది. ఏది తెగిందో ఆ క్షణంలో మనకు తెలియదు. అందుకే చెయ్యాల్సింది ఒకటే: క్లచ్ తొక్కాలి, స్టీరింగ్ తిన్నగా పట్టుకోవాలి, బ్రేకు మీద ఒత్తిడి పెంచుకుంటూ ఆపాలి. తెగిన ముందు కొస రోడ్డులో గుచ్చుకుంటే బండి వెనక భాగం పైకి లేస్తుంది. తేలిక బండికి అది మరీ ప్రమాదం.

మరి ఎందుకు తెగుతుంది? మా మావయ్య జీపుకు కారణం గ్రీజు. జాయింటు మధ్యలో ప్లస్ గుర్తులా ఉండే ముక్కను క్రాస్ అంటాం. దాని చివర్లలో నాలుగు కప్పులుంటాయి, వాటిలో సన్నటి సూదుల్లాంటి రోలర్లు ఉంటాయి. వాగులో దిగిన బండికి నీళ్ళు లోపలికి పోతాయి, గ్రీజు పోతుంది, సూదులు తుప్పుపట్టి పొడి అవుతాయి. కప్పు చుట్టూ కుంకుమలా ఎర్రటి పొడి కనిపించిందంటే ఆ క్రాస్ పని అయిపోయినట్టే. గ్రీజు గన్ పెట్టినప్పుడు నాలుగు కప్పుల నుంచీ కొత్త గ్రీజు బయటికి రావాలి. మూడింటి నుంచే వస్తే నాలుగోది ఎండిపోయి ఉందని అర్థం. న్యూట్రల్లో పెట్టి, చక్రాలకు రాళ్ళు వేసి, షాఫ్ట్‌ను చేత్తో అటూ ఇటూ తిప్పి చూడండి. క్రాస్ దగ్గర టక్‌మని ఆడితే మార్చేయండి, అది నాలుగొందలో ఐదొందలో.

ఈ బండికి మాత్రం ఇంకో జబ్బు ఉంది. ఓమ్ని షాఫ్ట్ ఇందులో పట్టదు కాబట్టి కోసి పొట్టి చేయించాడు. ఇక్కడే లేత్ దగ్గర కోసి వెల్డింగ్ పెట్టారు. బయటికి చక్కగా కనిపిస్తోంది. నేను సుద్దముక్కతో ఇదిగో ఇలా ఈ కొస నుంచి ఆ కొసకు గీత గీశాను. షాఫ్ట్ కొసల్లో క్రాస్‌ను పట్టుకునే రెండు కొమ్ముల ముక్కలే యోక్‌లు. ముందు యోక్, వెనక యోక్ ఒకే వరసలో ఉండాలి. చూడండి, వెనకది వేలెడు పక్కకు తిరిగి ఉంది. వంపులో తిరిగే ఒక్క జాయింటు ఒకే వేగంతో తిప్పదు, ప్రతి చుట్టుకూ రెండుసార్లు ముందుకు గుంజి, రెండుసార్లు వెనక్కి లాగుతుంది. పది డిగ్రీల వంపుకే ఆ తేడా ఒకటిన్నర శాతం అటూ ఇటూ ఉంటుంది. రెండు యోక్‌లు వరసలో ఉండి, రెండు కోణాలూ సమానంగా ఉంటే ఒకదాని కుదుపును ఇంకోటి సరిచేస్తుంది. ఇలా తిరిగి ఉంటే ఆ కుదుపు సరిగ్గా తీరదు, అది క్రాస్‌లనూ బోల్టులనూ రోజూ కొద్దికొద్దిగా తినేస్తుంది. ఈ షాఫ్ట్ పక్కన పెట్టేశాం. కొత్తది కట్టించి, బ్యాలెన్సింగ్ చేయించాకే ఎక్కిస్తాడు. షాఫ్ట్‌ను హౌసింగ్‌కు బిగించే ఫ్లాంజ్ బోల్టులు కూడా తల మీద 10.9 అనే బలం గుర్తు ఉన్నవే, అవీ కొత్తవే.

పొడుగు గురించి ఒక్క మాట. ఏ గొట్టానికైనా ఒక వేగం ఉంటుంది, అక్కడికి చేరితే తాడులా ఊగిపోతుంది. పొడుగు రెట్టింపైతే ఆ వేగం నాలుగో వంతుకు పడిపోతుంది. 50 మిల్లీమీటర్ల స్టీలు గొట్టం మీటరు ఉంటే కాగితం మీద అది నిమిషానికి 8000 చుట్ల దగ్గర, మీటరున్నర అయితే 3600 దగ్గర. అందుకే లారీలకు మధ్యలో సెంటర్ బేరింగ్ పెడతారు. మనది పొట్టిది, ఆ భయం లేదు.

ఇంత జాగ్రత్తగా చూసుకుంటే తెగదు కదా మావయ్యా, అన్నాడు మావాడు. తెగదని నేను హామీ ఇవ్వలేను. ముప్పై ఏళ్ళుగా షాఫ్ట్‌లు విప్పుతున్నాను, బాగున్న క్రాస్ కూడా రేపు ఏ గుంతలో ఏమవుతుందో చెప్పలేను. పైగా రేపు ఇందులో 1300 సీసీ ఇంజిన్ పెడతానంటున్నాడు. ఓమ్నికి కట్టిన క్రాస్ మీద అంత బలం పడితే? మొదటి గేరులో ఇంజిన్ బలం మూడున్నర రెట్లై షాఫ్ట్ మీద పడుతుంది, క్లచ్ ఒక్కసారిగా వదిలితే ఇంకా ఎక్కువ. కాబట్టి తెగుతుందనే అనుకుని కట్టాలి.

బస్సు కింద వంగి చూడండి, షాఫ్ట్ కింద ఇనుప పట్టీ కనిపిస్తుంది. అది షాఫ్ట్ రోడ్డు మీద పడకుండా. మనకు అది చాలదు, మనుషులు పక్కన కూర్చుంటున్నారు కాబట్టి చుట్టూ రింగు కావాలి. అమెరికాలో డ్రాగ్ రేసులు నడిపే ఎన్‌హెచ్‌ఆర్‌ఏ నిబంధన దీనికి మంచి కొలత. ముందు జాయింటు నుంచి ఆరంగుళాల లోపు, చుట్టూ 360 డిగ్రీలూ మూసేలా లూప్. పట్టీ అయితే రెండంగుళాల వెడల్పు, పావంగుళం మందం. గొట్టం అయితే 7/8 అంగుళం, గోడ మందం 0.065 అంగుళం. మేం పట్టీ తీసుకున్నాం. ముందు జాయింటు దగ్గర ఒకటి, మన తుంటి పక్కన వెనక జాయింటు దగ్గర ఇంకోటి.

లూప్‌ను రేకుకు రివిట్ కొడితే లాభం లేదు, రేకుతో సహా ఊడొస్తుంది. ఛాసిస్ గొట్టాలకే వెల్డింగ్ చెయ్యాలి, లేదా గొట్టాలకు చెవులు, అంటే బోల్టు రంధ్రమున్న చిన్న ముక్కలు, వెల్డ్ చేసి బోల్టు బిగించాలి. షాఫ్ట్ తియ్యాలంటే విప్పేలా ఉండటం మంచిది, అందుకే మేం రెండు ముక్కలుగా చేసి బోల్టు పెడుతున్నాం. షాఫ్ట్‌కూ లూప్‌కూ మధ్య సందు ఎంత? ఎక్కువ వదిలితే షాఫ్ట్ వేగం పుంజుకుని కొడుతుంది, తక్కువైతే గుంతలో తగులుతుంది. వెనక యాక్సిల్ పైకీ కిందికీ ఆడుతుంది కాబట్టి వెనక లూప్ కోడిగుడ్డు ఆకారంలో నిలువుగా ఉండాలి. పక్కలకు మాత్రం సందు తక్కువే.

రెండు లూపుల మధ్యన, సీటు వెనక నుంచి మోకాలి దాకా, టన్నెల్ లోపలి వైపు మూడు మిల్లీమీటర్ల స్టీలు ప్లేటు, ఇరువైపులా. లోపలి వైపే ఎందుకంటే దెబ్బ మొదట దానికే తగలాలి, అల్యూమినియం దాని వెనక ఉండాలి. ప్లేటు అంచులు కూడా గొట్టాలకే.

ఇంకొకటి, నేను దీన్ని చూసి భయపడ్డాను. టన్నెల్ ఖాళీగా ఉందని వెనక బ్రేకు పైపు, పెట్రోలు పైపు, బ్యాటరీ కేబుల్ అన్నీ ఇందులోంచే తీసుకెళ్ళాడు. షాఫ్ట్ తెగితే మొదట తెగేవి అవే. బ్రేకు లేదు, పెట్రోలు కారుతోంది, పక్కనే బ్యాటరీ వైరు నిప్పు. మూడింటినీ బయట ఛాసిస్ గొట్టాల వెంబడి తీస్తున్నాం. హ్యాండ్ బ్రేకు కేబుల్ తియ్యలేకపోతే దాన్ని మాత్రం స్టీలు గొట్టంలో పెడుతున్నాం.

ఇక బరువు. మావాడి అభ్యంతరం అదే, రెండేళ్ళు కష్టపడి ఒక్కో కిలో తగ్గించానని. త్రాసు మీద పెట్టి చూశాం: లూప్‌లు రెండూ కలిపి మూడు కిలోల లోపు, ప్లేట్లు రెండూ ఆరు కిలోలు. బోల్టులు, చెవులు కలిపి పది కిలోలు. పొద్దున్న నేను ఊరి నుంచి తెచ్చిన బియ్యం సంచి కూడా పది కిలోలే, అది ఎత్తి వాడి ఒళ్ళో పెట్టాను. ఇంతేనా అన్నాడు. ఇంతేరా, ఈ బరువు మీ అమ్మ కోసం మోయి అన్నాను. అప్పుడు ఒప్పుకున్నాడు. తగ్గించుకోవాలనుకుంటే స్పేర్ చక్రం, సీట్లు, బానెట్ ఉన్నాయి.

ఈ బండి రోడ్డెక్కదు, గ్రౌండులోనూ ట్రాకులోనూ మాత్రమే. అక్కడ వేగం ఇంకా ఎక్కువ కాబట్టి ఈ పని ఇంకా ముందు కావాలి.

ఇదిగో, ముందు లూప్ వెల్డింగ్ అయ్యింది, వేడిగా ఉంది ఇంకా. వెనకది రేపు. అది బిగించాక యాక్సిల్ కింద జాకీ పెట్టి పూర్తిగా పైకి లేపుతాం, షాఫ్ట్‌ను చేత్తో ఒక్కో చుట్టు తిప్పుతూ నాలుగు వైపులా సందు కొలుస్తాం. ఆ కొలతలు వచ్చే వీడియోలో చూపిస్తాను. అప్పటిదాకా ఈ బండి తాళంచెవి నా జేబులోనే ఉంటుంది.