ఎదురుచూపు ఏ సబ్జెక్టులోకి వస్తుంది?

అందరికీ నమస్కారం.

విజయనగరంలో నిలబడి కళ గురించి మాట్లాడాలంటే ఎవరికైనా జంకే. 1919లో సంగీత కళాశాల పెట్టి, హరికథా పితామహుడు ఆదిభట్ల నారాయణదాసు గారిని దానికి మొదటి ప్రిన్సిపాల్‌ని చేసిన ఊరు ఇది. ద్వారం వెంకటస్వామి నాయుడు గారు వయొలిన్ నేర్పిన ఊరు. నేనా, హైస్కూళ్లలో భౌతికశాస్త్రం చెప్పి రిటైరైన మేస్టర్ని. నాకు పాట రాదు. వీణ మీద పై షడ్జమం ఎక్కడుంటుందో నలభై దాటాక తెలిసింది, అదీ పిల్లల పుణ్యమా అని. రేపు మీరంతా బళ్లలోకి వెళ్లి పాఠాలు చెబుతారు కాబట్టి, నేను చెడగొట్టిన పాఠం ఒకటి, అనుకోకుండా కుదిరిన పాఠం ఒకటి మీ ముందు పెడతాను.

చెడగొట్టింది ముందు.

మార్చి రెండో వారంలో, మళ్లీ అక్టోబరు మొదట్లో, పొద్దుటి ఎండ అరసవల్లి గుడి ద్వారాలు దాటుకుని లోపలికొచ్చి స్వామి పాదాల మీద పడుతుంది. ఉండేది కొన్ని నిమిషాలే. మబ్బు పట్టిందా, ఇక మర్నాడే. ఓ ఏడాది తొమ్మిదో తరగతి కుర్రాడొకడు లేచి, "మేస్టారూ, మామ్మతో ఎళ్లానండి. సరిగ్గా ఆ రోజుల్లోనే ఎలగ పడతాదండీ?" అని అడిగాడు. నేను హుషారుగా సుద్దముక్క తీసుకున్నాను. మార్చి 20 ప్రాంతంలోనూ సెప్టెంబరు 22, 23 ప్రాంతంలోనూ సూర్యుడు సరిగ్గా తూర్పున ఉదయిస్తాడు. మొదటిదానికి పది పదకొండు రోజుల ముందూ, రెండోదానికి దాదాపు అన్నే రోజుల తర్వాతా ఆయన లేచే చోటు ఇంచుమించు ఒకటే. అందుకే ఏటా రెండుసార్లు. బొమ్మతో సహా రెండు నిమిషాల్లో తేల్చేశాను. జవాబులో తప్పేమీ లేదు. వాడు "ఓహో" అని కూర్చున్నాడు. ఆ ఓహో నన్ను చాలాకాలం వదల్లేదు.

వాళ్ల మామ్మ తెల్లారకుండానే వెళ్లి లైన్లో నిలబడింది. చీకట్లో అంతసేపు కాచుకున్న మనిషికి ఆ వెలుగు గీత కనబడగానే కళ్లనీళ్లు వచ్చాయట. అదే ఎండ రోజూ మన పెరట్లోనూ పడుతుంది, ఎవరైనా ఏడుస్తామా? గుడి కట్టినవాళ్లకి సూర్యుడి నడకతోపాటు మనిషి మనసు కూడా తెలుసనే నాకు అనిపిస్తుంది. నేను ఆ కుర్రాడికి చేసిందల్లా, చీకట్లో నిలబడే అవకాశం ఇవ్వకుండా తలుపులు బార్లా తీసేయడం.

సంగీతం వినేటప్పుడు మెదడులో ఏం జరుగుతుందో 2011లో మాంట్రియల్ శాస్త్రజ్ఞులు కొలిచి చూశారు. ఒళ్లు గగుర్పొడిచే చోటు రాగానే డోపమైన్ అనే రసాయనం విడుదలవుతుంది. అది అందరూ ఊహించేదే. అయితే ఆ చోటు రాబోతోందని చెవి కాచుకుని ఉండే క్షణాల్లోనే, మెదడులో వేరే భాగంలో, అది ముందే మొదలవుతోందని తేలింది. ఈ సంగతి స్కానర్ లేకుండానే మన హరిదాసులకి తెలుసు. కథ మంచి పట్టులో ఉండగా ఆపి పిట్టకథ అందుకుంటారు చూడండి, అదే.

పిల్లల చదువు గురించి బీఈడీలో మీరు వైగాట్‌స్కీ పేరు చదివే ఉంటారు. ఇవాళ సాయంతో చేయగలిగింది రేపు సొంతంగా చేస్తారన్నాయన. ఆయన 1925లో సమర్పించిన పరిశోధన గ్రంథం పిల్లల గురించి కాదు, కళ మనసు మీద ఎలా పనిచేస్తుందనే దాని గురించి. సిలబస్‌లో ఈ ముక్క ఎందుకు చెప్పరో నాకు అర్థం కాదు. కథలో ముడి ఎలా పడుతుందో, ఎలా విడుతుందో ఆలోచించిన మనిషే తర్వాత బడి గురించి ఆలోచించాడు.

ఇక కుదిరిన పాఠం. ధ్వని పాఠం వచ్చినప్పుడు పిల్లల్ని బొబ్బిలి పక్కన గొల్లపల్లి తీసుకెళ్లాను. పనసదుంగ ఒక్కటే తీసుకుని వీణంతా తొలిచే పనివాళ్లు అక్కడున్నారు. ఇరవైనాలుగు మెట్లు, అంటే తీగని నొక్కే అడ్డపట్టీలు, మైనంలో నిలబెడుతున్నాడు ఒకాయన. మెట్టు జరుపుతాడు, మీటుతాడు, తల అడ్డంగా ఊపుతాడు, మళ్లీ జరుపుతాడు. మా పిల్లలు స్కేళ్లు తీశారు. తీగ ఒక కొస ఆనే మేరువు దగ్గర మెట్ల మధ్య ఎడం ఎక్కువ, రెండో కొస ఆనే గుర్రం వైపు వచ్చేకొద్దీ తక్కువ. మెట్టు నుంచి గుర్రం దాకా ఉన్న తీగ పొడవుని ఒక్కో మెట్టుకీ దాదాపు 1.06తో భాగిస్తూ పోతే, పన్నెండో మెట్టుకి సగం కావాలి. సగం తీగకి రెట్టింపు పౌనఃపున్యం, అంటే పై షడ్జమం. లెక్క నేను ముందే చెప్పి ఉంచాను.

కొలిచారు. సగం రాలేదు. గుర్రం వైపు పొడవు సగం కన్నా మూడు మిల్లీమీటర్లు ఎక్కువుంది.

"అదేటండీ, సగానికి నేదు కదండీ?" అన్నారు పిల్లలు. కొలతలో పొరపాటై ఉంటుందన్నాను. మళ్లీ కొలిచారు, అంతే. అయితే మెట్టు సరిగ్గా కుదరలేదేమో అన్నాను, పనివాడికి వినపడకుండా. ఆయనకి వినపడింది. "మేస్టారూ, మీరు కంటితో చూస్తన్నారండి. ఇది చెవికి కదండీ" అని మీటి వినిపించాడు. శ్రుతి శుద్ధంగా ఉంది. ఆయన చెయ్యి తప్పు కాదు, పిల్లల స్కేలు తప్పు కాదు, పుస్తకం తప్పు కాదు. బస్సులో తిరిగొస్తున్నంతసేపూ నాకు ఒకటే టెన్షన్, రేపు క్లాసులో ఏం చెప్పాలని. నిజంగా తెలియదు కాబట్టి ఏమీ చెప్పలేదు. నా ఉద్యోగంలో నేను చేసిన మంచి పని అదేనేమో.

వారం రోజులు ఆ మూడు మిల్లీమీటర్లు స్కూల్లో తిరిగాయి. లెక్కల టీచరు దగ్గరికి వెళ్లాయి, భోజనాల దగ్గర కొట్టుకున్నాయి. చివరికి వీణ నేర్చుకుంటున్న అమ్మాయి చెప్పింది: "గమకం కోసం తీగని పక్కకి లాగితే స్వరం పెరుగుతాదండి. మెట్టు మీద నొక్కినా కిందకి లాగినట్టే కదండీ?" అంతే. నొక్కినప్పుడు తీగ బిగుసుకుంటుంది, స్వరం కాస్త పైకి పోతుంది. దాన్ని సరిచేయడానికి తీగని ఆ మేరకి పొడుగుగా ఉంచాలి. నేను ఏళ్ల తరబడి బోర్డు మీద రాసిన సూత్రంలో తన్యత, అంటే తీగ బిగింపు, అనే అక్షరం ఉండనే ఉంది. దాన్ని వేలి కొసతో ఎరిగినది ఆ పిల్ల. అప్పుడు క్లాసంతా అరిచిన అరుపు వేరు, అరసవల్లి ఓహో వేరు.

ఇందులో భౌతికశాస్త్రం ఎంత, సంగీతం ఎంత అంటే నేను విడదీయలేను. కళను పాఠంతో కలపాలని ఇప్పుడు 2020 విద్యావిధానం కూడా చెబుతోంది. సంతోషమే. కానీ బళ్లలో నేను చూసేది వేరు. న్యూటన్ సూత్రాలకి సినిమా పాట వరస కట్టి పాడించడం, కిరణజన్య సంయోగక్రియకి రంగుల చార్టు, ఫొటో, అప్‌లోడ్. పాట తీసేసినా అక్కడ పాఠానికి లోటు లేదు. మా వీణ పాఠంలో గమకం తీసేస్తే జవాబే లేదు. రెండు సబ్జెక్టులు లేనిదే తెగని ప్రశ్న దొరికితే కలపండి, లేకపోతే ఎవరి పీరియడ్ వాళ్లకి వదిలేయండి.

ఇంకో చిక్కుంది. తర్వాత ఏమొస్తుందో కొంచెమైనా ఊహ ఉంటేనే ఎవరైనా దేనికోసమైనా కాచుకుంటారు. వీణ ఎప్పుడూ వినని పిల్లాడికి అపశ్రుతి అపశ్రుతిలా తగలదు. మా వెనక బెంచీల్లో కొందరికి వీణంటే ఏమీ పట్టలేదు. వాళ్లకి తప్పెటగుళ్లు ప్రాణం. రొమ్ముకి తప్పెట కట్టుకుని, కాళ్ల గజ్జెలతో ఎగురుతూ వాయించే ఆట. బల్ల మీద ఆ దరువు వేసి మధ్యలో ఒక్క దెబ్బ మింగేశాను. నలుగురు ఒకేసారి తలెత్తి కోపంగా చూశారు. అక్కడ మొదలైంది వాళ్ల ధ్వని పాఠం. తప్పెటకి ఇదీ అని స్వరం చెప్పలేం, మృదంగానికి చెప్పగలం, ఎందుకు? మామూలు చర్మం కంపిస్తే పుట్టే పై స్వరాలు మొదటి స్వరానికి 1.59, 2.14 రెట్లు, ఇలా పొంతన లేకుండా ఉంటాయి. మృదంగం కుడివైపు మధ్యలో అద్దే నల్లటి ముద్ద బరువు వాటిని రెండు రెట్లు, మూడు రెట్లు అయ్యేలా సర్దుతుంది. 1920లో దీన్ని లోకానికి చెప్పినవారు, విశాఖపట్నంలో బడికెళ్లిన సి.వి.రామన్. ముద్ద అద్దినవాళ్లకి అంతకు ఎన్నో వందల ఏళ్ల ముందే చెవి ఉంది.

ఈ విషయంలో నాకు గిడుగు రామమూర్తి గారు గుర్తొస్తారు. శ్రీకాకుళం దగ్గర పర్వతాలపేటలో 1863లో పుట్టిన మనిషి. సవర గిరిజన పిల్లలకి చదువు చెప్పాలని ముందు తాను సవర నేర్చుకున్నారు, ఆ భాషలో వాచకాలు రాశారు. పిల్లవాడు తర్వాతి మాట కోసం చెవి ఒగ్గాలంటే ముందు మాట వాడి ఇంట్లోది కావాలి కదా.

నాకిచ్చిన టైం అయిపోతోంది. బయట వరండాలో బల్ల మీద తంబురా ఒకటి పెట్టించాను. గుర్రం మీద ఒక్కో తీగ కింద సన్నటి నూలుపోగు ఉంటుంది. పోగు తీసి ఒకసారి మీటండి, దాన్ని కాస్త కాస్త జరుపుతూ ఇంకోసారి మీటండి. ఒకచోటికి రాగానే తీగ ఉన్నట్టుండి గుంయ్‌మని పలుకుతుంది. తీగ మారలేదు, బిగింపు మారలేదు. ఎందుకలా అని నన్ను మాత్రం ఇవాళ అడగకండి. వచ్చే శనివారం మళ్లీ ఇక్కడికే వస్తాను.