గిల్డ్ చరిత్ర రాయడం ఎలా? ఒక పాత స్క్రీన్‌షాట్‌తో మొదలుపెడదాం

నమస్కారం. తెర మీద ఉన్న ఫైలు పేరును ఒకసారి చూడండి. ముందు కొన్ని అక్షరాలు, తర్వాత 020507, ఒక అడ్డగీత, ఆ తర్వాత 223114. వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ అనే ఆన్‌లైన్ ఆట ఆడినవాళ్లు దీన్ని వెంటనే గుర్తుపడతారు. ఆట మధ్యలో ప్రింట్ స్క్రీన్ మీట నొక్కితే చిత్రం ఇలాంటి పేరుతోనే ఫోల్డర్‌లో చేరుతుంది. మరి ఇది ఏ రోజు తీసిన చిత్రం? మనం అలవాటు కొద్దీ 2007 మే 2 అని చదువుతాం. అది పొరపాటు. ఈ ఆట అమెరికా పద్ధతిలో నెలను ముందు రాస్తుంది. అంటే ఇది 2007 ఫిబ్రవరి 5, రాత్రి 10 గంటల 31 నిమిషాలు. ఆ గడియారం కూడా సర్వర్‌ది కాదు, చిత్రం తీసిన మనిషి కంప్యూటర్‌ది.

గిల్డ్ అంటే ఆన్‌లైన్ ఆటల్లో కలిసి ఆడే ఆటగాళ్ల బృందం. ఈ వీడియోలో మీ గిల్డ్ చరిత్రను మీరే ఎలా రాసుకోవచ్చో చెబుతాను. ఇలాంటి తేదీలను సరిగ్గా చదవడంతోనే ఆ పని మొదలవుతుంది.

ముందుగా ఒక పాత గిల్డ్ సంగతి చెప్పాలి. దాని పేరు ది సిండికేట్. అమెరికాలో షాన్ స్టాల్జర్ అనే ఆయన 1996 ఫిబ్రవరిలో దాన్ని స్థాపించాడు. వాళ్లకు పేరు తెచ్చిన ఆట ఆల్టిమా ఆన్‌లైన్ మార్కెట్లోకి వచ్చింది 1997 సెప్టెంబరులో. అంటే ఆట కంటే గిల్డే వయసులో పెద్దది. 1999లో ఎవర్‌క్వెస్ట్ వచ్చింది, 2004 నవంబరులో వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ వచ్చింది. కొత్త లోకాలు తెరుచుకుంటున్న కొద్దీ ఆ బలగం వాటిలోకి అడుగుపెడుతూ పోయింది. గిల్డ్ పేరును ట్రేడ్‌మార్కుగా నమోదు చేయించుకుంది. ఏటా సభ్యులు నేరుగా కలుసుకునే ఆనవాయితీ పెట్టుకుంది.

అందుకే మీరు కాగితం తీసుకోగానే ఆట పేరు కింద గీత గీసి రాయడం మొదలుపెట్టకండి. మనుషుల పేర్లు పైన రాయండి, ఆటల పేర్లు పక్కన రాయండి. ఏ ఆటలో ఎవరు చేరారు, ఏ ఆట దగ్గర ఎవరు ఆగిపోయారు అన్నది అప్పుడు కంటికి కనిపిస్తుంది.

ఇప్పుడు తేదీల వరుస కట్టుకుందాం. ఆట విడుదలైన రోజు, పెద్ద మార్పులు వచ్చిన రోజు, మూతపడిన రోజు అందరికీ తెలిసినవే, వాటిని ముందు పెట్టండి. వాటి మధ్య మీ గిల్డ్ తేదీలను ఇరికించండి. ఆటలో మాట్లాడుకున్న మాటలు దాచిన చాట్ లాగ్‌లు ఉంటే ఇంకా మంచిది. ఎవర్‌క్వెస్ట్ లాగ్‌లో ప్రతి వాక్యం ముందు వారం పేరు, నెల, తేదీ, సమయం, ఏడాది అన్నీ ఉంటాయి. వార్‌క్రాఫ్ట్ పాత చాట్ లాగ్‌లో మాత్రం నెల, తేదీ, సమయమే ఉంటాయి, ఏడాది ఉండదు. అలాంటప్పుడు మాటల్లో వచ్చే బాస్, అంటే ఓడించాల్సిన పెద్ద శత్రువు పేరునో, కొత్త ఊరి పేరునో పట్టుకుని ఏడాదిని తేల్చాలి. ఓపిక కావలసిన పనే, కానీ నాకు అన్నిటికంటే ఇష్టమైన పని ఇదే.

తేదీల కంటే ముఖ్యమైనవి నియమాలు. గిల్డ్ చరిత్ర అనగానే చాలామంది ఏ బాస్‌ను ఎప్పుడు చంపామో రాస్తారు. ఆ జాబితాలు అన్ని గిల్డ్‌లకూ ఒకేలా ఉంటాయి. కట్టుబాట్లు మాత్రం ఒక గిల్డ్‌వి ఇంకో గిల్డ్‌కు ఉండవు. ప్రతి నియమం వెనుక ఒక గొడవ ఉంటుంది.

దీనికి మంచి ఉదాహరణ డీకేపీ. ఎవర్‌క్వెస్ట్‌లో లార్డ్ నాగఫెన్, లేడీ వాక్స్ అని రెండు డ్రాగన్లు ఉండేవి. ఒకటి నిప్పు, ఒకటి మంచు. వాటిని పడగొట్టడానికి పదుల కొద్దీ జనం కావాలి. పడగొట్టాక దొరికే వస్తువులు మాత్రం వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. ఇవి ఎవరికి దక్కాలి? పంపకాల దగ్గరే అన్నదమ్ములు విడిపోతారని మనకు తెలుసు కదా. 1999లో ఆఫ్టర్‌లైఫ్ అనే గిల్డ్‌లో, థాట్ అనే పేరుతో ఆడిన ఆటగాడు దీనికి ఒక లెక్క కనిపెట్టాడు. దాడికి వచ్చిన ప్రతి ఒక్కరికీ కొన్ని పాయింట్లు. వస్తువు కావాలంటే ఆ పాయింట్లు ఖర్చు పెట్టాలి. డ్రాగన్లను చంపినందుకు వచ్చే పాయింట్లు కాబట్టి డ్రాగన్ కిల్ పాయింట్లు అన్నారు. ఆ లెక్క తర్వాత వేరే ఆటలకూ పాకింది.

కానీ లెక్క పెట్టగానే గొడవ తీరలేదు. ఏడాదిగా వస్తున్న సభ్యుడి దగ్గర పాయింట్లు కుప్పలుగా పేరుకుంటాయి. నిన్న చేరినవాడు ఎన్ని రాత్రులు మేల్కొన్నా అతన్ని అందుకోలేడు. అందుకే చాలా గిల్డ్‌లు నిల్వ ఉన్న పాయింట్లలో ఎప్పటికప్పుడు కొంత కోత పెట్టాయి. కొన్ని గిల్డ్‌లు లెక్కను పక్కన పెట్టి, నలుగురు పెద్దలు కూర్చుని వస్తువు ఎవరికో తేల్చే పద్ధతికి మారాయి. మీ గిల్డ్ ఏ పద్ధతి నుంచి ఏ పద్ధతికి మారింది, మారిన వారంలో ఎవరు అలిగి వెళ్లారు? ఈ రెండూ దొరికితే మీ చరిత్రలో ఒక అధ్యాయం దొరికినట్టే.

ఇప్పుడు మళ్లీ మొదటి చిత్రానికి వద్దాం. ఇందులో మా గిల్డ్ వాళ్లు 25 మంది ఒక గుహ ముందు వరుసగా నిలబడ్డారు. దీనికి రెండు నెలల ముందు తీసిన చిత్రంలో 40 మంది ఉన్నారు. మిగతా 15 మంది ఏమయ్యారు?

2007 జనవరిలో వార్‌క్రాఫ్ట్‌కు బర్నింగ్ క్రూసేడ్ అనే విస్తరణ వచ్చింది. అంతవరకు పెద్ద దాడులకు 40 మంది పట్టేవారు. ఆ తర్వాత 25 మందే. కొత్తగా వచ్చిన కారజాన్ అనే కోటకు 10 మందే. 40 మందిని పట్టుకుని నడుస్తున్న గిల్డ్ పెద్ద ఇప్పుడు ఏం చేయాలి? 25 మందిని తీసుకుంటే 15 మంది మిగులుతారు, వాళ్లతో రెండో జట్టు కాదు. కారజాన్‌కు పదేసి మందిని కట్టాలి. ఏ పది మంది? దెబ్బలు కాచుకునే మంచి ట్యాంక్, గాయాలు మాన్పే మంచి హీలర్లు ఒకే జట్టులో పడితే రెండో జట్టు వారాల తరబడి ఒకే గదిలో చచ్చిపోతూ ఉంటుంది. ఒక్కో జట్టులోని పది మందీ కొన్నాళ్లకు ఒక కుటుంబంలా ముడిపడిపోతారు. తర్వాత 25 మంది దాడికి రెండు పదులు కలిపినా 20 మందే, ఇంకా ఐదుగురు కావాలి. ఆ ఐదుగురిగా ఉండటం ఎంత కష్టమో ఉన్నవాళ్లకే తెలుసు. మా గిల్డ్ అక్కడే రెండుగా చీలింది. ఎవరూ ఎవరినీ తిట్టుకోలేదు. ఒక అంకె మారింది, అంతే.

కాబట్టి వెళ్లిపోయినవాళ్ల జాబితా తప్పనిసరిగా రాయండి. వెళ్లిన కారణం వాళ్ల మాటల్లోనే రాయండి, మిగిలినవాళ్ల మాటల్లో రాయకండి.

అధికారం ఎవరి చేతిలో ఉండేదో కూడా రాయాలి. ఈవ్ ఆన్‌లైన్ అనే అంతరిక్ష యుద్ధాల ఆటలో బ్యాండ్ ఆఫ్ బ్రదర్స్ అనే పెద్ద కూటమి ఉండేది. 2009 ఫిబ్రవరిలో దాని లోపలి డైరెక్టర్ ఒకరు శత్రువులైన గూన్‌స్వార్మ్ వైపు తిరిగి, తనకున్న అధికారంతో కూటమినే రద్దు చేశాడు. యుద్ధంలో పోనిది ఒక మీటతో పోయింది. మీ గిల్డ్‌లో బ్యాంకు తెరిచే హక్కు, మనుషుల్ని తీసేసే హక్కు ఏ ఏడాది ఎవరికి ఉందో ఒక పట్టిక వేసుకోండి.

ఇక మనుషులను అడగడం. మన దగ్గర ఇది కొత్త విద్య కాదు. రెండు శతాబ్దాల కిందట ఈస్టిండియా కంపెనీ అధికారి కాలిన్ మెకంజీ దగ్గర పనిచేసిన కావలి సోదరులు ఊరూరా తిరిగి సమాచారం సేకరించారు. కరణాల దగ్గరున్న లెక్కలు, పెద్దల నోట ఉన్న కథలు కలిసి కైఫియత్తులు అనే ఊళ్ల చరిత్రలయ్యాయి. మీరూ అలాగే రాయండి. ఇద్దరు ఒకే రాత్రిని రెండు రకాలుగా చెబితే రెండూ రాసుకోండి.

ఎలా అడగాలి? మన తొలి విజయం ఎలా అనిపించింది అని అడిగితే, బాగుంది అన్న ఒక్క మాటే వస్తుంది. అప్పుడు మీ ఊళ్లో ఎన్ని గంటలు అని అడగండి. అమెరికా తూర్పు తీరంలో రాత్రి 8 గంటలకు దాడి అంటే హైదరాబాద్‌లో శీతాకాలంలో మర్నాడు ఉదయం ఆరున్నర, వేసవిలో ఐదున్నర. ఆ గంట అడగగానే అమ్మ పెట్టిన కాఫీ, తప్పిన కాలేజీ బస్సు, పోయిన కరెంటు అన్నీ బయటకు వస్తాయి.

ఫోనులో ఆడిన క్లాన్‌లకూ ఇదే పద్ధతి. 2020 సెప్టెంబరు 2న మన దేశంలో పబ్‌జీ మొబైల్ ఆటను నిషేధించారు, అక్టోబరు 30న సర్వర్ తలుపులు మూసుకున్నాయి. ఆ రెండు నెలల్లో మీ క్లాన్ ఏం మాట్లాడుకుందో ఎవరి ఫోనులోనైనా మిగిలి ఉందేమో అడగండి. 2021 జులైలో అదే ఆట బీజీఎంఐ అనే కొత్త పేరుతో వచ్చినప్పుడు తిరిగి కలిసినవాళ్లు ఎవరు, కలవనివాళ్లు ఎవరు?

ఒక జాగ్రత్త. ఆటలో పేరే రాయండి. అసలు పేరు, ఊరు, ఉద్యోగం ఆ మనిషి ఒప్పుకుంటేనే రాయాలి. మా గిల్డ్‌లో నాలుగేళ్లు ప్రతి రాత్రీ మమ్మల్ని బతికించిన హీలర్ ఒకరు ఉండేవారు. ఒక వారం రాలేదు, ఆ తర్వాత ఎప్పుడూ రాలేదు. ఆయన అసలు పేరు మాలో ఎవరికీ తెలియదు. మా చరిత్రలో ఆయన ఆటలోని పేరుతోనే ఉన్నారు, చివరిసారి కనిపించిన తేదీతో సహా.

ఇప్పుడు వీడియో ఆపి, మీ దగ్గరున్న అతి పాత స్క్రీన్‌షాట్ వెతకండి. దాన్ని చాలాకాలంగా మాట్లాడని ఒక పాత సభ్యుడికి పంపండి. పెద్ద ఉత్తరం అక్కర్లేదు. ఈ వరుసలో ఎడమ నుంచి మూడో వ్యక్తి ఎవరో గుర్తుందా అని ఒక్క ప్రశ్న అడగండి.