ఆ చెట్టుకున్న గాటు

సభకు నమస్కారం. హెడ్మాస్టరు గారికి, సర్పంచ్ గారికి, పిల్లలకూ, వాళ్ల అమ్మానాన్నలకూ నమస్కారం. వనమహోత్సవం గురించి రెండు ముక్కలు చెప్పమన్నారు. రాసుకొచ్చిన కాగితం జేబులోనే ఉంది, ఉండనీయండి.

మా అమ్మ పుట్టింటి నుంచి తెచ్చుకున్న తిరుపతి చెక్కబొమ్మల జంట మా ఇంట్లో ఉండేది. ఎర్రచందనంతో చేసినవి. మాకు సెగ్గడ్డలొస్తే సానరాయి మీద నాలుగు చుక్కల నీళ్లు వేసి, బొమ్మ వీపు అరగదీసేది. వాసనేమీ ఉండదు, ఎర్రటి గంధం మాత్రం దిగేది. మేం ఐదుగురం పెరిగేసరికి ఆ బొమ్మ వీపు చదునైపోయింది.

ఈ ఎర్రచందనం చెట్టు తనంతట తాను పెరిగేది తూర్పు కనుమల దక్షిణ భాగంలోనే. శేషాచలం, లంకమల, వెలిగొండలు... అంటే మన ఇంటి వెనక కొండలే కదా! 1995 నుంచి దీని విదేశీ వ్యాపారానికి సైటీస్ ఆంక్షలున్నాయి; సైటీస్ అంటే ముప్పున్న మొక్కలు, జంతువుల వ్యాపారాన్ని అదుపు చేసే అంతర్జాతీయ ఒప్పందం. ఏ జీవికి ఎంత ముప్పుందో లెక్కగట్టే అంతర్జాతీయ సంస్థ ఐయూసీఎన్ 2018లో ప్రమాదం కొంత తగ్గిందని, 2021లో మళ్లీ అంతరించిపోయే ముప్పున్న జాబితాలో చేర్చింది. జపాన్ వాళ్ల షామిసెన్ వాద్యానికి, చైనాలో ఖరీదైన సామానుకు ఈ చేవ, అంటే మాను లోపలి ఎర్రటి గట్టి చెక్క, కావాలి. చేవ ముదరడానికి దశాబ్దాలు పడుతుంది.

ముదిరిందో లేదో చూడడానికి దొంగలు నిలబడ్డ చెట్టుకే గొడ్డలితో గాటు పెడతారు. ఎరుపు చాలకపోతే వదిలేసి పోతారు. అలాంటి చెట్టును నేను చూశాను. గాటు కింద రసం కారి నల్లగా గడ్డకట్టి ఉంది. చెయ్యి పెట్టబోయి తీసేశాను.

చెట్టు సంగతి చెబుతుంటే నాకు ఒక పిల్లవాడే గుర్తొస్తున్నాడు. పేరు చెప్పను. నా దగ్గర తొమ్మిది చదివాడు, లెక్కల్లో చురుకు. చదువు మానేశాక ఎవరో పిలిస్తే ఒక్క రాత్రి దుంగలు మోయడానికి పోయాడు. దొరికిపోయాడు. వాయిదాలకు తిరగడానికి వాళ్ల నాయన మేకలన్నీ అమ్ముకున్నాడు. దుంగ ఎవరికి చేరేదో, ఆ మనిషి పేరేమిటో వాడికి తెలియనే తెలియదు. నేను ఆ ఏడాది వాళ్లింటికి ఒక్కసారి పోయి, బడికి రారా అని అడిగి ఉంటే! అడగలేదమ్మా. బదిలీ టెన్షన్‌లో ఉండిపోయాను.

తల్లుల్లారా, మీ పిల్లవాడి చేతిలో ఉన్నట్టుండి డబ్బు కనిపిస్తే ఎక్కడిదని అడగండి. పిల్లలూ, మిమ్మల్ని ఎవరైనా కొండకు పిలిస్తే ఇంట్లో చెప్పండి. ఇంట్లో చెప్పలేకపోతే నాకు చెప్పండి. రామాలయం వెనక వీధి, వేపచెట్టున్న ఇల్లు. అర్ధరాత్రి తలుపు కొట్టినా లేస్తాను.